పాత డీజిల్ జీపు పొద్దున్నే అందుకోకపోతే: సమస్య - పరిష్కారం

పాత మహీంద్రా డీజిల్ జీపును ఇంట్లో ఉంచుకుని సొంతంగా బాగుచేసుకునేవారిలో చాలామంది చెప్పే బాధ ఒకటే. సాయంత్రం తెచ్చి నిలిపినప్పుడు బండికి ఏ లోపమూ ఉండదు; తెల్లవారి సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరుగుతుంది కాని అందుకోదు. బ్యాటరీ డీలా పడేదాకా కొట్టిన తరువాతో, నలుగురు చేరి నెట్టిన తరువాతో ఎప్పటికో అందుకుంటుంది, ఆపైన రాత్రి వరకు ఎన్నిసార్లు ఆపినా తాళం తిప్పగానే లేస్తుంది. మర్నాడు మళ్ళీ కథ మొదటికి వస్తుంది. ఈ బాధకు యజమానులు సాధారణంగా మొదట బ్యాటరీ, తరువాత సెల్ఫ్ మోటారు, ఆ తరువాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు, చివరకు ఆ నాజిళ్ళకు డీజిల్‌ను ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు అనే వరుసలో డబ్బు పోస్తారు. నేనూ పోశాను.

ఎయిర్ తీయడం (డీజిల్ లైనులో చేరిన గాలిని బయటికి వదలడం), ఫిల్టరు మార్చడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను. 2112 సీసీ ప్యూజో ఇంజను ఉన్న మహీంద్రా ఎంఎం 540 జీపుకు అయినా, ఆ తరువాత వచ్చిన డైరెక్ట్ ఇంజెక్షన్ బళ్ళకు అయినా డీజిల్ నడిచే దారి ఒక్కటే కనుక వెతికే పద్ధతీ ఒక్కటే. చల్లని ఇంజను అందుకోవడానికి సిలిండరును వేడిచేసే హీటర్ ప్లగ్గుల మాట మాత్రం అవి ఉన్న ఇంజన్లకే వర్తిస్తుంది.

ముందు పొగ చూడండి

ఎవరూ చేయని పరీక్ష, పైసా ఖర్చు లేని పరీక్ష ఇదే. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంకొకరిని బండి వెనక నిలబెట్టి సైలెన్సరు గొట్టం చూడమనాలి. తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే డీజిల్ సిలిండర్లలోకి వెళుతోంది కాని మండడం లేదని అర్థం. పొగ జాడే లేకపోతే డీజిల్ అక్కడిదాకా చేరడమే లేదని అర్థం. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, వేరు వేరు మందులు. ఈ చూపు చూడకుండా స్పానరు పట్టినవారిని చూసి చూసి నాకు విసుగు వచ్చింది.

తెల్లపొగ వస్తుంటే హీటర్ ప్లగ్గులకు కరెంటు అందుతోందో లేదో టెస్టు ల్యాంపుతో చూసి, ఆ తరువాత ఒక్కొక్క ప్లగ్గును విడిగా పరీక్షించాలి. మన కృష్ణా తీరపు ఎండలకు మే నెలలో చచ్చిన ప్లగ్గులతోనూ బండి ఎలాగోలా అందుకుంటుంది, అందుకే ఆ లోపం సంక్రాంతి చలి వచ్చేదాకా బయటపడదు. ఇంజను బరువుగా తిరుగుతుంటే బ్యాటరీ కొనేముందు ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య ఉన్న ఎర్తు పట్టీని విప్పి, రెండు కొనలనూ తళతళలాడేలా గీకి, మళ్ళీ బిగించి చూడాలి.

పొగే రాకపోతే మొదట చూడవలసింది స్టాప్ వైరు, అంటే ఇంజనును ఆపడానికి పంపు దగ్గర డీజిల్‌ను ఆపే వైరు. డ్యాష్‌బోర్డు మీది బొత్తాం లోపలికి నొక్కి ఉన్నంత మాత్రాన పంపు దగ్గరి లీవరు వెనక్కి వచ్చిందని కాదు. వైరు తుప్పుపట్టి బిగుసుకుంటే లీవరు సగంలోనే ఆగిపోతుంది. బానెట్ ఎత్తి ఆ లీవరును వేలితో కదిపి చూడడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం మిగుల్చుకోబోయి బండిని తాడు కట్టి లాగించుకుని వెళ్ళినవారు నాకు ముగ్గురు తెలుసు.

స్టాప్ వైరు సరిగానే ఉండి, లైనులోకి చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమరు పది పదిహేను సార్లు నొక్కగానే ఇంజను అందుకుంటుంటే, డీజిల్ లైనులోకి రాత్రిపూట గాలి చేరుతోందని తేలిపోయినట్టే. ఇక బ్యాటరీ జోలికీ సెల్ఫ్ జోలికీ వెళ్ళవలసిన పని లేదు.

కనిపించని కారుట

లైనులో కారుట ఉంటే నేల మీద డీజిల్ మరక ఉండాలి కదా అని అందరూ అనుకుంటారు, మోసపోయేది అక్కడే. ట్యాంకు నుంచి, డీజిల్‌ను పీల్చి ఫిల్టరుకు అందించే ఫీడ్ పంపు వరకు ఉన్న భాగంలో డీజిల్‌ను వెనకనుంచి ఎవరూ నెట్టరు, ఫీడ్ పంపు ముందునుంచి పీలుస్తుంది. పీల్చే గొట్టానికి చిల్లు పడితే లోపలిది బయటికి రాదు, బయటి గాలి లోపలికి వెళుతుంది. బండి నడుస్తున్నంతసేపు ఆ కొద్దిపాటి గాలి బుడగలుగా కొట్టుకుపోతుంది కనుక తెలియదు. ఆపి ఉంచిన తరువాత మాత్రం ఆ చిల్లులోంచి గాలి మెల్లగా చేరి, గొట్టంలోని డీజిల్ తన బరువుకు తాను ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్నకు పంపు ముందు ఉన్నది ఖాళీ గొట్టమే.

వెతకడానికి ఫీడ్ పంపుకు వచ్చే గొట్టంలో జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు క్లిప్పులతో బిగించి, ఇంజను నడిపి చూడాలి. మొదట వచ్చే ఒకటి రెండు బుడగలను పట్టించుకోనక్కరలేదు, ఆగకుండా వస్తుంటే దోషం ట్యాంకు వైపు ఉంది. అక్కడ శుభ్రంగా ఉండి, ఫీడ్ పంపుకూ ఫిల్టరుకూ మధ్య బిగించినప్పుడు బుడగలు కనిపిస్తే దోషం ఫీడ్ పంపులోనో, దాని మీది ప్రైమరు వాషరులోనో ఉంది. ఆ ప్లాస్టిక్ పైపును పరీక్ష అయ్యాక తీసివేయాలి. డీజిల్‌కూ ఇంజను వేడికీ అది కొన్ని వారాల్లో గట్టిపడి, క్లిప్పు దగ్గర పగిలి, కొత్త చిల్లుగా తయారవుతుంది.

దోషం ట్యాంకు వైపు అని తేలితే సాధారణంగా రబ్బరు గొట్టం క్లిప్పు కింద చిట్లి ఉంటుంది, లేదా గొట్టాన్ని బిగించే బోల్టు దగ్గరి రాగి వాషరు అరిగి ఉంటుంది. గొట్టం కొత్తది వేయాలి. వాషరు కొత్తది దొరికితే మంచిదే, దొరకకపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి మళ్ళీ పట్టు ఇస్తుంది. పదింట ఎనిమిది బళ్ళ జబ్బు ఇంతటితో తీరిపోతుంది.

నేను దెబ్బతిన్నది మిగిలిన రెండింటి దగ్గర. నా ఎంఎం 540కి ఇవన్నీ మార్చినా నెలకొకసారి రోగం తిరగబెట్టేది. మెకానిక్కులు ఇప్పటికీ మైకో పంపు అనే పిలిచే ఇంజెక్షన్ పంపును రెండుసార్లు దించి ఓవర్‌హాల్ చేయించాను (1951లో బెంగళూరులో పుట్టిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది కాని, మన షెడ్లలో మాత్రం మారలేదు). రెండుసార్లూ బండి ఇరవై రోజులు బంగారంలా నడిచి మళ్ళీ మొరాయించింది. దించిన ప్రతిసారీ, తిరిగి బిగించాక ట్రయల్ చూడడానికి ట్యాంకు నింపించేవాణ్ణి కనుక, చేయించిన ప్రతి మరమ్మతూ ఫలించినట్టే కనిపించేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. గుంటూరు నుంచి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కుతూ, డీజిల్ ముల్లు సగానికి దిగువన ఉన్నప్పుడు ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయిన రోజున ఆ ముల్లునూ రోగాన్నీ మొదటిసారి కలిపి చూశాను.

చిల్లు ట్యాంకు లోపల ఉంది. పై మూత నుంచి అడుగుదాకా దిగి డీజిల్‌ను పీల్చే నిలువు పైపుకు, పైనుంచి బెత్తెడు కిందుగా, గుండుసూది మొన పట్టేంత తుప్పు చిల్లు. ట్యాంకు నిండుగా ఉంటే ఆ చిల్లు డీజిల్‌లో మునిగి ఉంటుంది, పీల్చినా డీజిలే వస్తుంది కనుక ఏ బాధా లేదు. మట్టం చిల్లు కిందికి దిగిన మరుక్షణం నుంచి అది గాలి పీలుస్తుంది. బయట ఎన్ని గొట్టాలు మార్చినా, ఎన్ని క్లిప్పులు బిగించినా ఉపయోగం ఉండదు. చూసేవారికి అది బంకులో కల్తీ డీజిల్ దోషంలా కూడా కనిపిస్తుంది. తుప్పు పైభాగానికే ఎందుకు పట్టిందంటే, సగం ఖాళీగా నిలిపిన ట్యాంకులో వానాకాలపు చెమ్మ రాత్రి చల్లబడి పై గోడలకూ పైపుకూ నీటి బొట్లుగా పడుతుంది, డీజిల్‌లో మునిగిన భాగాన్ని ఆ డీజిలే కాపాడుతుంది.

దీన్ని పట్టడానికి సులువైన దారి ఉంది. అయిదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, బండి ట్యాంకుతో సంబంధం లేకుండా దాని నుంచే ఫీడ్ పంపుకు కొత్త గొట్టం వేసి, రాత్రంతా ఉంచి పొద్దున్నే సెల్ఫ్ కొట్టాలి. డబ్బాను ఫీడ్ పంపు కన్నా కిందనే పెట్టాలి; పైన పెడితే డీజిల్ తనంతట తానే దిగుతుంది కనుక పరీక్షకు అర్థం ఉండదు. మొదటి తిప్పుకే అందుకుంటే పంపు నిర్దోషి. తరువాత ట్యాంకు పైపును విప్పి, కింది కొనను వేలితో మూసి, సైకిలు ట్యూబుకు పంక్చరు చూసినట్టు నీళ్ళలో ముంచి పైనుంచి ఊదితే బుడగలు లేచే చోటే చిల్లు. ట్యాంకు అడుగునుంచే గొట్టం వచ్చే బళ్ళకు ఈ జబ్బు ఉండదు.

చిల్లు దగ్గర ఇత్తడి అతుకు వేయించవచ్చు కాని, ఒకచోట తిన్న తుప్పు పక్కనా తిని ఉంటుంది కనుక కొత్త పైపు వేయించడమే మేలు. ఆటోనగర్‌లో రేడియేటరు పని చేసేవారికి పాత పైపును నమూనాగా ఇస్తే చేసిపెడతారు. జింకు పూత ఉన్న పైపు వాడకూడదు, డీజిల్‌తో ఆ పూత కలిసి మడ్డి కడుతుంది. కింది కొన ట్యాంకు అడుగును తాకకుండా, పాతదాని పొడవుకు సరిగ్గా ఉండాలి. పైపును విడిగా తీసుకువెళ్ళండి. డీజిల్ వాసన ఉన్న ట్యాంకుకు మంట చూపించనివ్వకండి, ఖాళీ ట్యాంకే పేలేది.

మిగిలిన కారణాలు అరుదు. నాలుగైదు కిలోమీటర్లు నడిచాక ఆగి, ట్యాంకు మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి వెళితే మూతకు గాలి రంధ్రం లేదు, సరైన మూత కొనండి. కంప్రెషను (సిలిండరులో గాలిని నొక్కే బలం) పడిపోయిన ఇంజను కూడా చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడెక్కాక లేవవచ్చు, దాని సంగతి ఇక్కడ రాయడం లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరదలో మునిగిన బండి అయితే ఇదంతా పక్కనపెట్టి ముందు ట్యాంకు, ఫిల్టర్లు, గేరుబాక్సు, రెండు డిఫరెన్షియళ్ళ నూనెలు దించి చూడాలి.

కొత్త పైపు బిగించిన తరువాత ఫిల్టరు దగ్గర ఎయిర్ తీసి, ఇంజను అందుకోగానే పని అయిపోయిందనుకుని ట్యాంకు నింపకండి. డీజిల్ పావు వంతుకు దిగేదాకా నడిపి, ఆ మట్టంలోనే రెండు రాత్రులు నిలిపి, ప్రైమరు ముట్టకుండా సెల్ఫ్ కొట్టి చూడండి.