లెర్విక్ చలికాలానికి వెళ్తున్న మన పిల్లలకు: బొగ్గులు లోపలికి తేవద్దు

పోయిన వారం తెనాలి నుంచి ఒకావిడ ఫోన్ చేసి ఏడ్చింది. వాళ్ళబ్బాయి స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, లెర్విక్ ఊళ్ళో ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. గాలివానకి కరెంటు పోయింది. కరెంటు పొయ్యి వెలగక ముగ్గురు కుర్రాళ్ళు గోడ చాటున రేకు కుంపటి మీద గుడ్లు ఉడకబెట్టుకున్నారు. మంట ఆరింది, పొగ లేదు, బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. వేడి వృథా ఎందుకని కుంపటిని గదిలో పెట్టుకుని, తలుపులు బిగించి పడుకున్నారు. వాంతుల చప్పుడు విని కింద వాటా పెద్దాయన తలుపు కొట్టబట్టి బతికారు.

నేను అక్కడ నర్సుగా నాలుగు చలికాలాలు చేసి గుంటూరు వచ్చేశాను. ఈ డిసెంబరులో గుంటూరు, విజయవాడల నుంచి వెళ్ళేవాళ్ళు ఉన్నారని తెలిసి రాస్తున్నాను. స్వెట్టర్లు, పచ్చళ్ళ సంగతి మీ అమ్మలు చూసుకుంటారు.

ఇంట్లో వేడి

కుంపటంటే మనకు భయం లేదు. బాలింత గదిలో నిప్పుల మీద సాంబ్రాణి వేసిన ఇళ్ళలో పెరిగాం. మూసిన గదిలో అది ఇక్కడా ప్రమాదమే. అక్కడి ఇళ్ళు గాలికి తట్టుకునేలా కట్టినవి, కిటికీలకు రెండేసి అద్దాలు, సందుల్లో రబ్బరు. లోపలి గాలి అంత తేలిగ్గా బయటికి పోదు.

మంట ఆరిన నిప్పులు కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతూనే ఉంటాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే దాదాపు 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మత్తు. జ్వరమేమో అనుకుని పడుకుంటారు, ఇక లేవరు. ఇంట్లో అందరికీ ఒకేసారి తల నొప్పి పుట్టి, బయటికెళ్తే తగ్గుతుంటే అది జ్వరం కాదు. అందరూ బయటికొచ్చి 999కి (అక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయండి. మళ్ళీ లోపలికి వెళ్ళకండి.

స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి బొగ్గు, గ్యాస్ లాంటివి మండించే హీటర్లు, బాయిలర్లు ఉన్న ఇళ్ళలో ఈ వాయువును పసిగట్టే అలారం తప్పనిసరి. కరెంటు హీటర్లు మాత్రమే ఉన్న ఇంట్లో అది ఉండకపోవచ్చు. కరెంటు పోతే కుంపటి లోపలికొచ్చేది సరిగ్గా ఆ ఇళ్ళలోనే! అద్దె ఇంట్లో లేకపోతే మీరే కొనుక్కోండి.

కరెంటు, తిండి

2022 డిసెంబరులో తీగలకు మంచు పేరుకుని, షెట్లాండ్‌లో వేల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. అదే ఏడాది అక్టోబరు 20న సముద్రం అడుగు కేబుల్ దెబ్బతిని ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. కార్డులూ పనిచేయలేదు. స్కాట్లాండ్ రేవు అబర్డీన్ నుంచి ఓడ రావడానికి రాత్రంతా పడుతుంది. పెద్ద గాలి లేస్తే అదీ రాదు, దుకాణంలో పాలు, రొట్టెలు అయిపోతాయి. అటుకులు, వేరుశనగలు, వండకుండా తినేవి వారానికి సరిపడా ఉంచండి. కొంత నగదు, పవర్ బ్యాంకు, ఫ్లాస్కు ఉండాలి. కరెంటు పోతే 105కి ఫోన్ చేయండి. ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దని ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి.

గది చల్లబడితే అందరూ ఒకే గదిలో చేరండి. టోపీ, మేజోళ్ళు వేసుకునే పడుకోండి. అయినా చలి ఆగకపోతే పక్కింటి తలుపు కొట్టండి. ఆ కుర్రాళ్ళు మొహమాటపడ్డారు. అర్ధరాత్రి తెల్లవాళ్ళ తలుపు ఏం కొడతాంలే అనుకున్నారు. అక్కడివాళ్ళు లోపలికి పిలిచి టీ ఇస్తారు, నేను తాగాను.

ఇంకా

డిసెంబరు మూడో వారానికి పగలు ఆరు గంటలు కూడా ఉండదు. మధ్యాహ్నం మూడుకే చీకటి మొదలవుతుంది. వెలుతురున్నప్పుడు బయట నడవండి.

విటమిన్ డి రోజుకు 10 మైక్రోగ్రాములు.

గొడుగు కొనకండి.

కారు తలుపు గాలికి విరిగిపోతుంది, గట్టిగా పట్టుకుని తెరవండి.

తడిగా మెరిసే రోడ్డు మంచుగడ్డ కావచ్చు. చేతులు జేబుల్లో పెట్టుకుని నడవకండి.

గాలి రోజున సముద్రం ఒడ్డుకి సెల్ఫీలకు వెళ్ళొద్దు.

కారు మంచులో ఇరుక్కుంటే, పొగగొట్టం చుట్టూ మంచు తీసేదాకా ఇంజిన్ వేయకండి. అక్కడా అదే విషవాయువు.

క్యాంపు స్టవ్ లోపల వద్దు. గ్యారేజీలో వద్దు, తలుపు తీసినా వద్దు.

కిటికీ కొంచెం తెరిచి కుంపటి పెట్టుకుంటాం అనకండి. సరిపోదు.

బొగ్గులు లోపలికి తేవద్దు. చల్లారిందనుకున్న కుంపటిని కూడా మర్నాటి దాకా బయటే ఉంచండి.