గుండె కోసం పేగులో బ్యాక్టీరియాను ఎలా మేపాలి

మా నాయనకు స్టెంట్ వేశాక ఉప్పు, నూనె, బీడీ తగ్గించమని చెప్పి పంపారు, పేగుల మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత నేను చదివి, ఇంట్లో చేసి చూసిందే ఇక్కడ రాస్తున్నా. మాది అనంతపురం, కాబట్టి ఓట్స్, అవకాడోల జోలికి పోను.

మాంసంలో కార్నిటిన్, గుడ్డు సొనలో, కార్జంలో కోలిన్ అనే పోషకాలు ఉంటాయి. పేగులోని కొన్ని బ్యాక్టీరియా వాటిని టీఎంఏ అనే పదార్థంగా మారిస్తే, కాలేయం దాన్ని టీఎంఏఓ అనే ఇంకో పదార్థం చేస్తుంది. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ పరిశోధకులు 4,007 మందిని మూడేళ్లు గమనించి 2013లో చెప్పిందేమంటే, రక్తంలో ఇది ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ఎక్కువ. అసలు కారణం ఇదేనని ఇంకా తేలలేదు. చేపలో టీఎంఏఓ నేరుగానే ఉంటుంది, అయినా చేపను గుండెకు చెడ్డదని ఎవరూ అనరు. నన్ను ఆపింది ఇంకో విషయం. ఏళ్లుగా మాంసం ముట్టని మనిషికి మాంసం పెట్టి చూస్తే టీఎంఏఓ దాదాపు పుట్టలేదట! అంటే రోజూ ఏం పెడితే దానికి తగ్గ బ్యాక్టీరియానే లోపల కాపురం పెడుతుంది.

అందుకని ముందు రాగి సంగతి ముద్దను మార్చండి. చాలా ఇళ్లలో బియ్యమే ఎక్కువ, రాగిపిండి రంగుకన్నట్టు వేస్తారు. వారానికి కొంచెం చొప్పున పిండి పెంచి బియ్యం తగ్గించండి. వారంలో రెండు పూటలు కొర్రన్నం, రెండు పూటలు జొన్నరొట్టె. పక్కన ఆకుకూర పప్పో, అలసందల కూరో, ఉలవచారో ఉండాలి. వీటిలోని పీచును తిన్న బ్యాక్టీరియా బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది, అవి పేగు గోడకు బలం. డబ్ల్యూహెచ్ఓ పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినమంటుంది.

ఇక్కడే అందరూ బోర్లాపడేది. ఆదివారం చదివి సోమవారం నుంచి మూడు పూటలా ఉలవలు తింటే కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి, "ఇదంతా మనకు పడదు" అని గురువారానికి వదిలేస్తారు. మేమూ అంతే చేశాం, నాయన రెండు రాత్రులు నిద్రపోలేదు, మా అమ్మ నన్ను తిట్టిన తిట్లు వేరే. ఉలవలు, అలసందలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించండి. మొదటి వారం రోజుకు రెండు చెంచాలు చాలు, తర్వాత పెంచుకోండి. నీళ్లు బాగా తాగాలి.

పొద్దున పెరుగు కలిపిన సద్దన్నం, ఎర్రగడ్డ మంచివే, ఊరగాయ మాత్రం నాకినంతే. మంచి బ్యాక్టీరియా అని క్యాప్సూళ్లలో అమ్మే ప్రోబయోటిక్ మీద డబ్బులు తగలేయొద్దు, అది గుండెపోటు ఆపుతుందని రుజువు లేదు. జలుబుకల్లా యాంటీబయాటిక్ కొని మింగడం కూడా మానండి, అది మంచి బ్యాక్టీరియానూ ఊడ్చేస్తుంది.

పొట్టేలు మాంసం పూర్తిగా మానమంటే మా ఇంట్లో యుద్ధమే, అందుకే ప్రతి ఆదివారం కాస్తా నెలకు రెండు ఆదివారాలైంది, ముక్కలు తగ్గి పక్కన గోంగూర పెరిగింది.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం పలుచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే ఆకుకూరలు ఒక్కసారిగా పెంచే ముందు డాక్టర్‌ను అడగండి. షుగర్ ఉంటే సంగతి ముద్ద సైజు చూసుకోండి, రాగి అయినా పిండి పిండే.

బోటి విషయంలో మాత్రం మా నాయనతో ఇంకా బేరం తెగలేదు.