జీమెష్ 'లిబ్‌జీఎల్‌యూ' ఫైల్ దొరకలేదని ఆగిపోతే ఏం చేయాలి?

ఆకారాలను గణనల కోసం చిన్న చిన్న ముక్కల వల (మెష్)గా విడదీసే సాఫ్ట్‌వేర్ జీమెష్. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పిప్‌తో అది ఏ ఆటంకమూ లేకుండా ఇన్‌స్టాల్ అవుతుంది. తీరా 'ఇంపోర్ట్ జీమెష్' అనగానే 'ఓఎస్ఎర్రర్: లిబ్‌జీఎల్‌యూ.ఎస్ఓ.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్' అని వస్తుంది. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన కోడే డాకర్‌లోనో (ప్రోగ్రామును కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనం), క్లౌడ్ సర్వర్‌లోనో ఇలా మొరాయిస్తుంది. జీమెష్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఒరిగేదేమీ లేదు. అది ఉండాల్సిన చోటే ఉంది, లేనిది దానికి కావలసిన మరో ఫైల్. మెష్‌ను తెరపై చూపించే భాగం కూడా జీమెష్ లైబ్రరీలోనే కలిసి ఉంటుంది. మీరు ఒక్క విండో తెరవకపోయినా, లోడ్ అయ్యేటప్పుడు ఆ భాగానికి ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ గీసేది, లిబ్‌జీఎల్‌యూ దీనికి చెందినదే), ఎక్స్11 (లినక్స్‌లో విండోలు చూపేది) లైబ్రరీలు కావాల్సిందే. డెస్క్‌టాప్ లినక్స్‌లో అవి సాధారణంగా ముందే ఉంటాయి. పరిమాణం తగ్గించిన 'స్లిమ్' డాకర్ ఇమేజీల్లో ఉండవు, పిప్ వాటిని తెచ్చిపెట్టదు.

ముందు పూర్తి జాబితా రాబట్టండి. ఎర్రర్ చెప్పేది మొదట దొరకని ఫైల్ పేరు మాత్రమే. దాన్ని పెట్టగానే లిబ్‌ఎక్స్‌కర్సర్ లేదంటుంది, ఆ తర్వాత లిబ్‌ఎక్స్‌ఎఫ్‌టీ అంటుంది. మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోని 'లిబ్' ఫోల్డర్‌లో 'లిబ్‌జీమెష్.ఎస్ఓ.4'తో మొదలయ్యే ఫైల్‌ను వెతికి, దానికి కావలసిన లైబ్రరీలను చూపే ఎల్‌డీడీ కమాండ్‌తో ఇలా అడగండి (ఫైల్‌పాత్ చోట ఆ ఫైల్ పూర్తి చిరునామా రాయాలి):

ఎల్‌డీడీ ఫైల్‌పాత్ | గ్రెప్ "నాట్ ఫౌండ్"

లేనివన్నీ ఒకేసారి బయటపడతాయి. ఉబుంటు, డెబియన్‌లలో సాధారణంగా కావలసినవి ఇవి:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌జీఎల్‌యూ1-మెసా లిబ్‌ఎక్స్‌కర్సర్1 లిబ్‌ఎక్స్‌ఎఫ్‌టీ2 లిబ్‌ఎక్సినరామా1

ఫైల్ పేరులో 'జీఎల్‌యూ' పెద్ద అక్షరాల్లో ఉన్నా ప్యాకేజీ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. తర్వాత ఎల్‌డీడీని మళ్లీ నడపండి. ఏమీ రాకపోతే ఇంపోర్ట్ పని చేస్తుంది. డాకర్ వాడేవారు ఈ లైన్లను డాకర్‌ఫైల్‌లోనే, 'రన్' తర్వాత, సుడో లేకుండా, ఇన్‌స్టాల్‌కు '-వై' జోడించి రాయాలి. నడుస్తున్న కంటెయినర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే, దాన్ని కొత్తగా సృష్టించగానే అవి పోతాయి.

కాలేజీ క్లస్టర్‌లో మీకు సాధారణంగా సుడో (అడ్మిన్ అధికారం) ఉండదు. అక్కడ కొండా అనే ప్యాకేజీ మేనేజర్‌తో, కొండా-ఫోర్జ్ భాండాగారం నుంచి 'పైథాన్-జీమెష్' ప్యాకేజీ పెట్టుకోవడం మేలు, కావలసిన లైబ్రరీలను అది తనతో తెస్తుంది.

కొన్నిసార్లు ఫైల్ డిస్క్‌లోనే ఉంటుంది, లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే లోడర్‌కే కనిపించదు. సొంతంగా కంపైల్ చేసి హోమ్‌లోనో, 'ఓపీటీ' (/opt) డైరెక్టరీలోనో పెట్టిన లైబ్రరీలతో ఇది మామూలే. ఫైండ్ కమాండ్‌తో చోటు కనుక్కుని, పైథాన్‌ను మొదలుపెట్టే ముందే టెర్మినల్‌లో 'ఎల్‌డీ_లైబ్రరీ_పాత్'ను ఆ ఫోల్డర్‌కు ఎక్స్‌పోర్ట్ చేయండి. స్క్రిప్ట్ లోపల 'ఓఎస్.ఎన్విరాన్'తో పెడితే ఫలితం ఉండదు, ఎందుకంటే ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే లోడర్ ఆ విలువను చదివేసుకుంటుంది. దాన్ని బాష్ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే ఫైల్) శాశ్వతంగా రాసిపెట్టకండి. సంబంధం లేని ప్రోగ్రాములు కూడా ఆ ఫోల్డర్‌లోని లైబ్రరీలనే ఎత్తుకుని చెడిపోతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది వెర్షన్ సంఖ్య తేడా. ఉదాహరణకు, పలు ప్రాసెస్‌లు కలిసి పనిచేసేందుకు వాడే ఎంపీఐని పైథాన్‌కు అందించే ఎంపీఐ4పై ప్యాకేజీ 'లిబ్‌ఎంపీఐ.ఎస్ఓ.40 లేదు' అంటుంది, మీ సిస్టమ్‌లో చూస్తే 'లిబ్‌ఎంపీఐ.ఎస్ఓ.12' ఉంటుంది. పేరు మార్చి సింబాలిక్ లింక్ పెడదామనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయకండి. ఇవి ఎంపీఐకి రెండు వేర్వేరు రూపాలు: 40 ఓపెన్ ఎంపీఐది, 12 ఎంపీఐసీహెచ్ కుటుంబానిది. మొదటిది కమ్యూనికేటర్‌ను (కలిసి పనిచేసే ప్రాసెస్‌ల బృందాన్ని) పాయింటర్‌గా ఉంచుకుంటే రెండోది పూర్ణాంకంగా ఉంచుకుంటుంది. లింక్ పెట్టాక ఎర్రర్ పోయినా, ఆ వెనకే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది. మీ దగ్గరున్న ఎంపీఐతోనే ఎంపీఐ4పైని కొత్తగా బిల్డ్ చేయండి:

పిప్ ఇన్‌స్టాల్ --ఫోర్స్-రీఇన్‌స్టాల్ --నో-క్యాష్-డిర్ --నో-బైనరీ=ఎంపీఐ4పై ఎంపీఐ4పై

తర్వాత ఎంపీఐరన్ కమాండ్‌తో 4 ప్రాసెస్‌లు నడిపి చూడండి. నాలుగూ తమ ర్యాంక్ (ప్రాసెస్ వరుస సంఖ్య) 0, సైజు (మొత్తం ప్రాసెస్‌ల సంఖ్య) 1 అని చెబితే, మీరు వాడుతున్న ఎంపీఐరన్ ఇంకా వేరే ఎంపీఐదే అని అర్థం.