ఫోర్క్‌లిఫ్ట్‌లకు ఏ ఇంధనం? మూడవ పాఠం: షిఫ్టును యూనిట్లలో లెక్కించడం

డీజిల్, ఎల్పీజీ, లెడ్ యాసిడ్ బ్యాటరీ, లిథియం బ్యాటరీలతో నడిచే ఫోర్క్‌లిఫ్ట్‌లు (గోదాములో సరుకు ఎత్తి మోసే బండ్లు) ఏవి ఎలా పనిచేస్తాయో గత రెండు పాఠాలలో చూశాము. ఈ పాఠంలో ధరల జోలికి వెళ్లడం లేదు. చాలామంది కొటేషన్లు తెప్పించుకున్న తరువాతే లెక్క మొదలుపెడతారు. అప్పటికే అమ్మకందారు చెప్పిన బ్యాటరీ సైజు మనసులో పాతుకుపోయి ఉంటుంది కనుక, వేసే లెక్క దానిని సమర్థించుకోవడానికే పనికివస్తుంది. మన గోదాము రోజుకు ఎన్ని యూనిట్ల శక్తి అడుగుతోంది, ఆ శక్తిని తిరిగి నింపడానికి రోజులో ఎంత ఖాళీ దొరుకుతోంది అనే రెండు ప్రశ్నలకు జవాబు ముందుగా తేల్చుకోవాలి.

హైదరాబాదు శివార్లలో మేడ్చల్ వైపు ఒక గోదాము ఉందనుకుందాం. రెండు టన్నుల సరుకు ఎత్తగల బ్యాటరీ బండ్లు ఆరు. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఒక షిఫ్టు, 2 నుంచి రాత్రి 10 వరకు ఇంకొకటి. ఎనిమిది గంటల షిఫ్టులో బండి ఎనిమిది గంటలూ నడవదు. లారీ కోసం ఎదురుచూడడం, కాగితాలు సరిచూడడం, టీ, భోజనం పోగా అసలు నడిచిన సమయాన్ని అవర్ మీటర్ చూపుతుంది. అయితే కొన్ని బండ్లలో తాళం తిప్పగానే మీటరు తిరుగుతుంది, మరికొన్నింటిలో మోటారు పనిచేసినప్పుడే తిరుగుతుంది. మీ బండి ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోకపోతే లెక్క మొదటి అడుగులోనే తప్పుతుంది.

మన ఉదాహరణలో షిఫ్టుకు 5 మీటరు గంటలు, గంటకు 4 యూనిట్లు వాడకం అని తేలిందనుకుందాం; అంటే రెండు షిఫ్టులకు బండికి 40 యూనిట్లు. ప్రస్తుతం డీజిల్ బండ్లు నడుపుతున్నవారు ట్యాంకు నిండుగా నింపి, మళ్లీ నింపేటప్పుడు పట్టిన లీటర్లను ఆ మధ్య తిరిగిన మీటరు గంటలతో భాగిస్తే సరిపోతుంది. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల ఉష్ణశక్తి ఉన్నా, ఇంజన్, ట్రాన్స్‌మిషన్ దాటి పనికి చేరేది దాదాపు నాలుగో వంతే కాబట్టి, తొలి అంచనాకు లీటరును రెండున్నర యూనిట్లుగా తీసుకోవచ్చు.

ఇప్పుడు లెడ్ యాసిడ్ సంగతి. 48 వోల్టుల 600 ఆంపియర్ అవర్ బ్యాటరీలో (రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే) 28.8 యూనిట్లు పడతాయి. 80 శాతానికి మించి వాడితే దాని ఆయువు తగ్గుతుంది కనుక చేతికి వచ్చేవి 23 మాత్రమే. గంటకు 4 చొప్పున అవి అయిదు ముప్పావు గంటలు వస్తాయి. ఒక షిఫ్టు నిశ్చింతగా గడుస్తుంది. రెండో షిఫ్టు గడవదు. ఛార్జింగుకు ఎనిమిది గంటలు, ఆపైన చల్లారడానికి మరికొన్ని గంటలు కావాలి గనుక, రెండు షిఫ్టులకు బండికి రెండేసి బ్యాటరీలు, అంటే పన్నెండు బ్యాటరీలు, దాదాపు టన్ను బరువుండే వాటిని మార్చే క్రేను, గాలి బాగా ఆడే ఛార్జింగు గది అవసరమవుతాయి. ఛార్జింగు చివరలో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది.

అలాగని లెడ్ యాసిడ్‌ను తీసిపారేయనక్కరలేదు. ఒకే షిఫ్టు నడిచి రాత్రంతా ఖాళీగా ఉండే గోదాముకు అది చాలు అనే నా అభిప్రాయం. కాకపోతే చూసుకునే మనిషి కావాలి: డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగు పూర్తయ్యాకే పోయాలి, ముందే నిండుగా పోస్తే యాసిడ్ పొంగి ట్రేలోకి కారుతుంది. యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరులో 1.28 దగ్గర ఉండవలసిన రీడింగు ఒక్క సెల్లులో మాత్రం ఎప్పుడూ వెనకబడుతుంటే ఆ సెల్లు మీద కన్నేయాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద పగటిపూట ఛార్జింగు పెట్టడం బ్యాటరీని చేతులారా ముసలిదాన్ని చేయడమే.

లిథియం బలం మధ్యమధ్యలో ఛార్జింగును తట్టుకోవడంలో ఉంది. షిఫ్టులో రెండు టీ విరామాలు పావుగంట చొప్పున, భోజనం అరగంట. రెండు షిఫ్టులకు కలిపి రెండు గంటలు, షిఫ్టు మార్పిడికి మరో అరగంట. 200 ఆంపియర్ల ఛార్జరు గంటకు సుమారు 10 యూనిట్లు ఎక్కిస్తుంది కనుక ఈ విరామాలలో 25 యూనిట్లు వస్తాయి. 51.2 వోల్టుల 400 ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి 80 శాతం లెక్కన 16.4 యూనిట్లు. మొత్తం 41.4, కావలసినవి 40.

కాగితం మీద సరిపోయింది. కానీ ఒక్క టీ విరామంలో ఆపరేటరు ప్లగ్గు పెట్టడం మరచిపోతే రెండున్నర యూనిట్లు పోయి, రాత్రి తొమ్మిదిన్నర దాటాక, సరిగ్గా లారీలు వరుస కట్టే వేళకు, బండి నిలిచిపోతుంది. అందువల్ల 500 ఆంపియర్ అవర్ తీసుకోవాలి. అప్పుడు అయిదున్నర యూనిట్ల వెసులుబాటు ఉంటుంది. ఛార్జర్లను మూలన వేరే గదిలో కాక, ఆపరేటర్లు టీకి వెళ్లే దారిలోనే బిగించాలి. ఈ చిన్న విషయం బ్రోచర్లలో కనబడదు.

ఆరు బండ్లూ భోజనవేళ ఒకేసారి ప్లగ్గుకు చేరితే, ఛార్జరులో పోయే నష్టంతో కలిపి 66 కిలోవాట్ల లోడు పడుతుంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో నెలలో నమోదైన గరిష్ఠ డిమాండుకు కూడా బిల్లు పడుతుంది కనుక, భోజనాన్ని రెండు బ్యాచ్‌లుగా విడదీసి ఆ లోడును సగానికి దించుకోవచ్చు.

లెడ్ యాసిడ్ బండిలోనే లిథియం పెట్టదలచినవారు బండి నేమ్ ప్లేటు మీద కనీస బ్యాటరీ బరువు చదవాలి. ఆ బరువు కూడా ముందరి సరుకుకు ఎదురు తూకంగా నిలిచే భాగమే. తేలికైన లిథియంతోపాటు ఇనుప దిమ్మలు చేర్చకపోతే బండి ముందుకు ఒరుగుతుంది. భీమవరం రొయ్యల కోల్డ్ స్టోరేజీల వంటి చోట్ల, సున్నా డిగ్రీల కంటే దిగువన లిథియంను ఛార్జి చేయకూడదు కాబట్టి ప్లగ్గు పాయింటు చలిగది బయటే ఉండాలి.

విరామమే లేని మూడు షిఫ్టులు, ఆరుబయట యార్డు, అయిదు టన్నులకు పైబడిన బరువులు ఉన్నచోట డీజిల్‌కు ఇంకా స్థానముంది. మూసి ఉన్న గోదాములో మాత్రం లేదు. డీజిల్ పొగను క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే ప్రకటించింది. ఎల్పీజీ పొగ కంటికి కనబడకపోయినా అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అమెరికాలో వాల్‌మార్ట్, అమెజాన్ గోదాములలో నడుస్తున్న హైడ్రోజన్ బండ్లు నిమిషాలలో నిండుతాయి గాని, నిల్వ, నింపే ఏర్పాటు కట్టుకునే ఖర్చు పెద్ద సంఖ్యలో బండ్లు ఉన్నవారికే గిట్టుతుంది.

అభ్యాసం: వారం రోజుల పాటు ప్రతి బండికీ షిఫ్టు మొదట, చివర అవర్ మీటరు రీడింగు, ఎక్కించిన యూనిట్లు లేదా పోసిన లీటర్లు, విరామాల అసలు నిడివి రాసిపెట్టండి. సగటుతోపాటు అన్నిటికంటే బరువైన రోజును విడిగా గుర్తించండి. బ్యాటరీ సైజు ఆ రోజుకు సరిపోవాలి. నాలుగవ పాఠంలో ఈ పట్టిక మీదనే రూపాయల లెక్క వేస్తాము.