చేపకు కొత్తిమీర పచ్చడి: నూనె తగ్గినా పట్టు తగ్గకుండా

నెల్లూరు వైపు చేప ఇంటికొచ్చిందంటే ముందు చింతపండు నానేస్తారు. పులుసు కాకపోతే ముక్క మునిగేంత నూనెలో వేపుడు. ఈ రెండూ కాకుండా ఇంకో దారి ఉంది. ముక్కను పెనం మీద చెంచాడు నూనెతో కాల్చో, ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టో, పైన కొత్తిమీర, పుదీనా, వేరుశనగ గింజలు కలిపి రుబ్బిన పచ్చడి పరుచుకోవడం. ఇటలీలో జెనోవా వాళ్ల పెస్తో కూడా ఆకు, గింజ కలిపి నూరేదే. కాకపోతే ఇంత పచ్చడికి ఆ పద్ధతిలో సుమారు 100 మి.లీ. ఆలివ్ నూనె పడుతుంది. ఆ నూనె ఒక్కటే 800 కేలరీలు. ఇక్కడ రెండు టీస్పూన్లతో సరిపెడతాం.

అలాగని ఊరికే నూనె మానేస్తే కుదరదు. పళ్లెంలో పచ్చటి నీళ్లు ఒక పక్కకు, ఆకు పిప్పి ఒక పక్కకు పోతాయి. పచ్చడిని ముక్కకు అంటించేదీ, ఆకు వాసనను పట్టి ఉంచేదీ నూనే కాబట్టి ఆ రెండు పనులూ ఇంకెవరికైనా అప్పగించాలి. అంటించే పనికి పుట్నాల పప్పు ఉంది. అది నీళ్లు పీల్చుకుని పచ్చడిని గట్టిపరుస్తుంది. వాసనకు వేరుశనగలో ఉన్న నూనె, చివర్లో వేసే ఆ రెండు టీస్పూన్లు చాలు.

అర కిలో ముక్కలకు, అంటే నలుగురికి కొలతలివి. ఏరిన కొత్తిమీర 60 గ్రాములు (లేత కాడలు ఉండొచ్చు), పుదీనా ఆకు 15 గ్రాములు, వేరుశనగ గింజలు 25 గ్రాములు, పుట్నాలు ఒక టేబుల్ స్పూను, పచ్చిమిర్చి మూడు, చిన్న వెల్లుల్లి రెబ్బలు రెండు, అర అంగుళం అల్లం, జీలకర్ర అర టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, నిమ్మరసం ఒక టేబుల్ స్పూను, నువ్వుల నూనె రెండు టీస్పూన్లు, బాగా చల్లటి నీళ్లు 50 మి.లీ. మొత్తం కలిపి మనిషికి సుమారు 70 కేలరీలు పడుతుంది. పుదీనా కొలత మాత్రం దాటొద్దు, పచ్చడి చేదెక్కుతుంది. కొత్తిమీరలో నాటుది దొరికితే అదే తీసుకోండి. కట్ట చిన్నదైనా వాసన దానిదే.

గింజలను సన్న సెగ మీద 6 నుంచి 8 నిమిషాలు వేయించాలి. పెద్ద మంట పెడితే పైపొట్టు మాడిపోయి లోపల పచ్చిగానే ఉంటుంది. ఒక గింజను విరిచి చూడండి, మధ్య దాకా లేత గోధుమ రంగు రావాలి. పూర్తిగా చల్లారాక పొట్టు నలిపి ఊదేయండి, పొట్టుతో వేస్తే వగరు వస్తుంది. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు వాసన వచ్చేవి వేయించక ముందే ఏరి పారేయాలి. బూజు వల్ల చేరే విషం వేయిస్తే పోయేది కాదు. గింజల బదులు వేటపాలెం జీడిపప్పు వేస్తే పచ్చడి మెత్తగా, కమ్మగా వస్తుంది. కేలరీల్లో పెద్ద తేడా ఉండదు, ఖర్చులోనే తేడా.

రుబ్బడంలో వరస ముఖ్యం. ముందు గింజలు, పుట్నాలు, జీలకర్ర, ఉప్పు పొడిగా బరకగా తిప్పాలి. తర్వాత మిర్చి, అల్లం, వెల్లుల్లి. ఆకు ఆఖరున. సగం చల్లటి నీళ్లు పోసి, రెండేసి క్షణాలు తిప్పి ఆపుతూ నాలుగైదుసార్లు చేస్తే చాలు. మిగతా నీళ్లు అవసరాన్ని బట్టి పోయండి. అన్నీ ఒకేసారి వేసి మిక్సీ ఆపకుండా తిప్పితే గింజ నలిగేలోపు ఆకు వేడెక్కి నల్లబడుతుంది, రుచిలోనూ గడ్డి వాసన తేలుతుంది. రోలుంటే ఈ బెంగ లేదు.

నిమ్మరసం, నూనె మిక్సీలో వేయొద్దు. గిన్నెలోకి తీశాక నూనె కలిపి, నిమ్మరసం మాత్రం వడ్డించే ముందు పిండాలి. పులుపు తగిలిన ఆకుపచ్చ రంగు కాసేపటికే ముదురు బూడిద పచ్చలోకి మారుతుంది. పచ్చడి పొద్దున చేసి మధ్యాహ్నానికి వాడేటట్టయితే ఆకును మరిగే నీళ్లలో 15 సెకన్లు ముంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, గట్టిగా పిండి రుబ్బండి. రంగు నిలుస్తుంది, వాసన మాత్రం కాస్త తగ్గుతుంది. అప్పటికప్పుడు తినే పచ్చడికి ఈ పని దండగ. ఎండాకాలంలో నిమ్మరసం మాని రెండు టేబుల్ స్పూన్ల పచ్చిమామిడి తురుము వేసుకోవచ్చు, పులుసులో మామిడికాయకు అలవాటు పడ్డ నాలుకకు అదే నచ్చుతుంది.

ఇక చేప. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో దొరికే సముద్రపు చేపల్లో చందువ, వంజరం దీనికి బాగా కుదురుతాయి. పండుగప్పలో కొవ్వు తక్కువ కాబట్టి పచ్చడిలోని గింజ దానికి నిండుదనం ఇస్తుంది. కానాగంతల్లాంటి నూనె చేపకైతే గింజలు 15 గ్రాములకు తగ్గించి నిమ్మరసం పెంచండి, లేకపోతే రెండు కొవ్వులు కలిసి మొహం మొత్తుతుంది. శీలావతి, బొచ్చె వాడితే అల్లం రెట్టింపు చేయండి. ముళ్లు ఎక్కువ కాబట్టి పిల్లలకు పెట్టేటప్పుడు చూసుకోవాలి.

ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి 15 నిమిషాలు ఉంచి, పైన చేరిన తడిని గుడ్డతో ఒత్తి తుడవాలి. తుడవకపోతే పెనం మీద ముక్క కాలదు, ఉడుకుతుంది, ఆపైన అంటుకుంటుంది. అంగుళం మందం ముక్కకు మధ్యస్థ సెగ మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. ఆవిరికైతే 10 నిమిషాలు, అరిటాకు పరిస్తే ఇంకా మంచిది. ముల్లు దగ్గర పుల్లతో కదిపితే కండ పొరలుగా విడాలి, గాజులా మెరిసే భాగం మిగలకూడదు. ఆవిరి చేప నీళ్లు వదులుతుంది. రెండు నిమిషాలు ఆగి ఆ నీళ్లు వంచేశాకే పచ్చడి పరవండి. పచ్చడిని చేపతో పాటు ఆవిరి మీద పెట్టడం చాలామంది చేసేదే, కానీ రంగు, పచ్చి వాసన రెండూ పోతాయి.

పచ్చడి పలుచనైతే ఇంకో టీస్పూను పుట్నాల పొడి కలిపి పది నిమిషాలు వదిలేయండి. చేదుగా ఉంటే రెండు చెంచాల గట్టి పెరుగు కలపండి. అలా కలిపింది ఆ పూటకే వాడేయాలి, పొయ్యి మీద పెట్టకూడదు, విరుగుతుంది. పెరుగు, నిమ్మరసం వేయనిది ఫ్రిజ్‌లో రెండు రోజులు, ఐస్ ట్రేలో గడ్డకట్టిస్తే నెల వరకు వాడుకోవచ్చు. మే నెల ఎండల్లో బయట గంటకు మించి ఉంచొద్దు.

ఇంటికొచ్చిన వాళ్లకు వడ్డించే ముందు వేరుశనగ పడుతుందో లేదో అడగండి. పడని వాళ్లకు గింజలు, జీడిపప్పు రెండూ మాని పుట్నాలు మూడు టేబుల్ స్పూన్లు చేసి, నీళ్లు ఇంకో 20 మి.లీ. పెంచితే చాలు. ముందు పొడి తిప్పే మిక్సీ గిన్నె మాత్రం వేరేది తీసుకోండి.