టెన్షన్‌గా ఉన్నప్పుడు వేళ్లతో ఇలా తట్టి చూడండి

ఇంటర్వ్యూకి లోపలికి పిలిచే ముందు గుండె దడదడలాడుతుంటే ట్యాపింగ్ చేసి చూడండి. 1990లలో అమెరికాలో గ్యారీ క్రెయిగ్ రూపొందించిన ఈఎఫ్‌టీ (ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్) పద్ధతి ఇది. ముందు మీ భయానికి 0 నుంచి 10 దాకా ఒక మార్కు వేసుకోండి. అరచేతి అంచున, చిటికెన వేలి కింద కండ ఉన్న చోట రెండో చేతి వేళ్లతో తడుతూ, "నాకు భయంగానే ఉంది, అయినా నన్ను నేను అంగీకరిస్తున్నాను" అని మూడుసార్లు అనుకోండి. తర్వాత కనుబొమ మొదట్లో, కంటి పక్కన, కంటి కింద, ముక్కు కింద, గడ్డం మీద, కాలర్ ఎముక కింద, చంక కింద, నడినెత్తిన ఏడెనిమిదిసార్లు చొప్పున మెల్లగా తట్టండి. మళ్లీ మార్కు వేసుకోండి. తగ్గకపోతే ఇంకో రౌండు.

ఈ చోట్ల తడితే శరీరంలోని శక్తి ప్రవాహాలు సర్దుకుంటాయని ఈ పద్ధతిని నమ్మేవాళ్లు చెబుతారు. కానీ అలాంటి ప్రవాహాలు ఉన్నాయనడానికి రుజువు లేదు. 2003లో కెనడాలో వచ్చిన ఒక అధ్యయనంలో వేరే చోట్ల తట్టినవాళ్లకీ, బొమ్మను తట్టినవాళ్లకీ కూడా భయం అలాగే తగ్గింది. కాబట్టి చోటు కాస్త అటూఇటూ అయిందని కంగారు పడొద్దు. నలుగురిలో ఉంటే చంక వదిలేయండి.

డాక్టర్ ఇచ్చిన మందులు మాత్రం దీన్ని నమ్మి ఆపకండి. బతకాలనిపించడం లేదంటే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.