కోటు స్టాండును ఖాళీగా చూసి కొనకండి

ఇళ్లకు వెళ్లి ఫర్నిచర్ బిగించడం నా వృత్తి. దుకాణంలో ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి కోటు స్టాండూ అందగత్తెలాగే నిలబడుతుంది. ఇంటికొచ్చి ఓ ఉన్ని కోటు, ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించాక దాని అసలు గుణం బయటపడుతుంది. అందుకే కొనడానికి వెళ్లేటప్పుడు మీకున్న వాటిలో బరువైన బ్యాగును వెంట తీసుకెళ్లండి. అన్నిటికన్నా బయటికి చాచుకున్న కొక్కేనికి దాన్ని తగిలించి, మెల్లగా లాగి చూడండి. అమ్మేవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

చాలామంది కొక్కేల అందం చూస్తారు, నేను ముందుగా కాళ్లు చూస్తాను. ఐదు కిలోల స్టాండు ఒకటి తీసుకుందాం. గుండ్రటి పీఠం, నడిమి కడ్డీ నుంచి దాని అంచుకు 20 సెంటీమీటర్లు, కొక్కెం కొనకు 30. ఒక్క కొక్కేనికే 10 కిలోలు వేలాడితే గాని అది ఒరగదు. పీఠం బదులు అంతే పొడవున్న మూడు కాళ్లు పెట్టారనుకోండి, రెండు కాళ్ల మధ్య సందు వైపున్న కొక్కేనికి రెండున్నర కిలోలు దాటితే చాలు, పడిపోతుంది. ఆ వైపు స్టాండుకు ఆసరా రెండు కాళ్ల కొనలను కలిపే గీత వరకే. ఆ గీత కడ్డీకి 10 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. కాబట్టి మూడు కాళ్ల స్టాండు మీద మనసు పడితే, బరువైనవి సరిగ్గా కాలి పైనున్న కొక్కేనికే తగిలించండి. కొక్కేలు కాళ్లకు సూటిగా లేకపోతే ఆ మోడల్ వదిలేయండి.

ఇటలీ సంస్థ జనోట్టా 1973లో తెచ్చిన ‘షాంగై’ స్టాండుకు పీఠమే లేదు. ఎనిమిది కర్రల కట్టను విప్పితే పైనా కిందా విచ్చుకుంటుంది, కొక్కేలూ కాళ్లూ ఆ కర్రల కొనలే. నాకు నచ్చిన డిజైన్ అది.

కొక్కెం కొన మొద్దుగా, గుండ్రంగా ఉండాలి. సన్నటి కడ్డీ కొనకు మెడపట్టీ తగిలిస్తే బట్ట అక్కడ బుడిపెలా పొంగుతుంది. అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1953లో చేసిన గోడ హ్యాంగర్‌లో తీగల కొనలకు రంగురంగుల చెక్క బంతులున్నాయి. ముచ్చటగా ఉండటమే కాదు, బట్టకూ అవే మేలు.

గది మూలన పెడితే సగం కొక్కేలు గోడకే అంకితం. అక్కడ తప్ప చోటు లేకపోతే స్టాండు మానేసి గోడకు కొక్కేలు కొట్టించుకోండి. మందపాటి తివాచీ మీద మాత్రం పెట్టకండి, ఒక కాలు కుంగితే స్టాండంతా వాలుతుంది.

కడ్డీ ముక్కలుగా వచ్చే రకమైతే, బిగించిన వారానికి మరలు మళ్లీ ఒకసారి బిగించండి. బ్యాగులు కింది వరుసకే తగిలించండి. తడిసిన కోటును నీళ్లు కారడం ఆగాకే తెచ్చి పెట్టండి, పాలిష్ లేని లేత రంగు చెక్క మీద నీటి మరక పడితే తేలిగ్గా పోదు.